వియన్నాలో ఒక సంగీత విద్యార్థి



మీలో కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళినవారు ఎంతమంది? మా చిన్నతనంలో, అంటే సుమారు 55 సంవత్సరాల క్రితం, శివరాత్రికి మేము ఎడ్లబండి కట్టుకుని పోయేవాళ్ళం. అవి మిరప కోతల రోజులు. దారి పొడుగునా కళ్ళాలలో కాయలు ఎర్రగా ఆరబోసి ఉండేవి. బండిలో ఒకడు తుమ్మితే చాలు, వరసగా అందరమూ తుమ్మేవాళ్ళం. కొండ కింద ప్రభలు నిలిపి, రాత్రంతా నాటకాలు ఆడేవారు. చీకటి పడకముందే మా నాన్నగారు నా చేతికొక తువ్వాలు ఇచ్చి, పందిరి ముందు పరచి రమ్మని పంపేవారు. తువ్వాలు పరచిన చోటు మనది. దానిని ఎవరూ లాగివేయరు. అది అందరూ ఒప్పుకున్న కట్టుబాటు.

ఇటువంటి కట్టుబాటే ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో కూడా ఉన్నదని పెద్దయిన తరువాత చదివి నవ్వుకున్నాను. ఆ నగరంలోని పెద్ద సంగీత నాటకశాలలో కూర్చునే చోట్లు ఖరీదైనవి. డబ్బు లేనివారికి, ముఖ్యంగా విద్యార్థులకు, నిలబడి వినడానికి చవక టిక్కెట్లు అమ్ముతారు. ముందుగా వచ్చినవాడు తన ఎదుట ఉన్న కమ్మీకి మెడగుడ్డ ముడివేసి, బయటికి వెళ్ళి ఏదో ఇంత తిని వస్తాడు. ఆ గుడ్డ ముడి ఉన్నంతసేపూ ఆ చోటు అతనిదే. తువ్వాలయితేనేమి, మెడగుడ్డయితేనేమి!

అటువంటి విద్యార్థులలో ఒకడు మన దేశం వాడే. అతని కథ చెప్పేముందు మా బడిలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజులలో ఒకనాడు టెలివిజనులో పాశ్చాత్య వాద్యబృందం కచేరీ వచ్చింది. పిల్లలందరినీ కూర్చోబెట్టి చూపించాను. అందులో ముప్పయిమంది దాకా ఫిడేళ్ళు పట్టుకుని, అందరి కమానులూ ఒక్కసారే పైకీ, ఒక్కసారే కిందికీ ఆడిస్తూ వాయిస్తున్నారు. ఏడవ తరగతి పిల్ల ఒకతె లేచి, "మాస్టారూ, ఇంతమంది ఒకటే పాట వాయిస్తుంటే, వెనకాల ఉన్నాయన ఉత్తినే చెయ్యి ఆడిస్తే ఎవరికి తెలుస్తుంది?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, జవాబు మాత్రం చెప్పలేకపోయాను. ఆ జవాబు నాకు ఈ కథలోనే దొరికింది.

జుబిన్ మెహతా 1936 ఏప్రిల్ 29న బొంబాయిలో, ఒక పార్సీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి మెహ్లీ మెహతా ఫిడేలు విద్వాంసుడు. ఆయన వాయించినది మన కర్ణాటక సంగీతం కాదు, ఐరోపా సంగీతం. 1935లో ఆయన బొంబాయిలో ఒక వాద్యబృందాన్ని స్థాపించాడు. ఇంట్లో ఎప్పుడు చూసినా వాయిద్యాల మోతే, లేకపోతే గ్రామఫోను మోతే. ఆ పిల్లవాడు మాటలతోపాటు ఆ సంగీతాన్ని కూడా నేర్చుకున్నాడు. జుబిన్‌కు 9 సంవత్సరాల వయసున్నప్పుడు, 1945లో, మెహ్లీ ఇంకా బాగా నేర్చుకోవాలని అమెరికాకు వెళ్ళాడు. భార్యాబిడ్డలున్న మనిషి, తానే పదిమందికి నేర్పగలవాడు, మళ్ళీ ఒక గురువు ముందు శిష్యుడై కూర్చున్నాడు! నాకు ఈ కథలో తండ్రి మీద కూడా తక్కువ గౌరవం లేదు.

అయినా కొడుకు విషయం వచ్చేసరికి ఇంట్లో వారి ఆలోచన వేరుగా ఉండేది. సంగీతంతో పొట్ట గడవడం కష్టం, కుర్రవాడు డాక్టరయితే మంచిదని అనుకున్నారు. ఇందులో వింత ఏమున్నది? మన జిల్లాలలో చూడండి. పత్తి మంచి ధరకు అమ్ముడుపోయినా, మిరప మంచి ధరకు అమ్ముడుపోయినా తండ్రికి ముందు తోచే ఆలోచన పిల్లవాణ్ణి డాక్టరు కోర్సుకు పంపుదామనే. 1946లో గుంటూరులో వైద్య కళాశాల పెట్టిన నాటినుంచీ ఈ కోరిక మన ఇళ్ళలో పెరుగుతూనే ఉన్నది. జుబిన్ వైద్యానికి కావలసిన చదువు సుమారు రెండేళ్ళు చదివాడు. పుస్తకం ఎదుట ఉన్నా చెవిలో వేరే మోత మోగుతూ ఉండేది. చివరకు చదువు మానివేస్తానన్నాడు. పెద్దలు ఒప్పుకుని 1954లో అతన్ని వియన్నాకు పంపారు. అప్పటికి అతని వయసు 18 ఏళ్ళు.

ఆనాటి వియన్నా ఎలా ఉండేదో కొంచెం తెలుసుకోవాలి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసి తొమ్మిదేళ్ళయినా నగరం ఇంకా నాలుగు దేశాల సైన్యాల చేతిలో ఉన్నది. ఆస్ట్రియాకు 1955లో గాని పూర్తి స్వాతంత్ర్యం రాలేదు. నేను పైన చెప్పిన సంగీత నాటకశాల 1945 మార్చి 12న బాంబులు పడి కాలిపోయింది. దానిని తిరిగి కట్టి 1955 నవంబరు 5న తెరిచారు. తిండికి, బట్టకు కరువు పోయీపోకముందే ఆ జనం సంగీతశాలను నిలబెట్టుకున్నారు.

యుద్ధాన్ని దాటి నిలిచిన మరొక భవనం మ్యూజిక్‌ఫెరైన్. 1870 జనవరిలో తెరిచిన ఆ భవనంలోని పెద్ద హాలుకు 'బంగారు హాలు' అని పేరు. పొడవు సుమారు 160 అడుగులు, వెడల్పు 62 అడుగులు, ఎత్తు 58 అడుగులు. ఆకారంలో పెద్ద అగ్గిపెట్టెను తలపిస్తుంది. అందులో 1,700 మందికి పైగా కూర్చోవచ్చు. వెనుక భాగంలో మరో 300 మంది నిలబడవచ్చు. ఇరుకైన పొడవాటి హాలు కావడంవల్ల ఒక విశేషమున్నది. నాదం నేరుగా వచ్చి చెవిని తాకిన వెంటనే, పక్క గోడలను కొట్టుకుని మళ్ళీ వచ్చి తాకుతుంది. వాయించడం ఆపిన తరువాత కూడా సుమారు రెండు సెకన్లపాటు ఆ నాదం గాలిలో నిలుస్తుంది. మీరు ఖాళీ బావిలోకి తొంగి "ఓ" అని అరిచినప్పుడు జరిగేది ఇటువంటిదే. అయితే బావిలో శబ్దం గజిబిజి అవుతుంది, ఇక్కడ మెత్తబడుతుంది.

జుబిన్ వియన్నాలో విన్న మొదటి పెద్ద కచేరీలో కార్ల్ బోమ్ అనే నాయకుడు వియన్నా ఫిల్‌హార్మనిక్ వాద్యబృందం చేత బ్రామ్స్ రచించిన మొదటి సింఫనీని వాయింపించాడు. బ్రామ్స్ ఈ రచన గురించి సుమారు ఇరవై ఏళ్ళు తర్జనభర్జన పడి 1876లో పూర్తిచేశాడు. ఆయన చాలాకాలం వియన్నాలోనే ఉన్నాడు. బొంబాయిలో జుబిన్ విన్నది తండ్రి కూర్చుకున్న బృందాన్ని, గీతలు పడిన గ్రామఫోను రికార్డులను. ఇప్పుడు మొదటిసారి, నూరుమంది ఉద్దండులు ఒక్క ఊపిరిగా వాయించగా వచ్చే నాదం అతని చెవిన పడింది. ఆ తరువాత ఎన్ని దేశాలు తిరిగినా అతను వెతికినది ఆ నాదాన్నే. కాలువ నీళ్ళు మాత్రమే చూసినవాడు మొదటిసారి కొత్తపట్నం వెళ్ళి సముద్రం ఒడ్డున నిలబడితే ఎలా ఉంటుంది? అలా అనుకోండి.

నూరుమంది వాయిస్తే గోల కాదా అని మీరు అడగవచ్చు. నిజమే, మామూలుగా అయితే గోలే. ఒక ఆగస్టు 15కు నేను మా బడిలో 60 మంది పిల్లలచేత ఒక పాట పాడించబోయాను. ఎవడి గొంతు బయటికి వినపడాలని వాడు అరిచాడు. రెండవ చరణం వచ్చేసరికి ఎడమవైపు వాళ్ళు ఒక మాట ముందు, కుడివైపు వాళ్ళు ఒక మాట వెనుక. వచ్చిన పెద్దలు మర్యాదకు చప్పట్లు కొట్టారు. తప్పు పిల్లలది కాదు, నాది. నేను వారికి పాడడం నేర్పాను గాని పక్కవాణ్ణి వినడం నేర్పలేదు.

వాద్యబృందం కచేరీ వినడంతోనే మొదలవుతుంది. అందరూ కూర్చున్న తరువాత ఓబో అనే వాయిద్యగాడు ఒక్క స్వరం ఊదుతాడు. ఓబో మన సన్నాయికి దూరపు చుట్టం. దానికీ రెండు పొరల పీకే ఉంటుంది. ఆ స్వరంలో గాలి సెకనుకు సుమారు 440 సార్లు కంపిస్తుంది. వియన్నావారు దీనికంటె కొంచెం హెచ్చుగా పెట్టుకుంటారు. మిగిలినవారంతా తమ తీగెలను, గొట్టాలను ఆ స్వరానికి సరిచేసుకుంటారు. మన గాయకుడు తన గొంతును బట్టి శ్రుతి ఎంచుకుంటాడు. అక్కడ అందరికీ ఒకే శ్రుతి ముందే ఖాయం.

మన కచేరీకీ వారి కచేరీకీ మరొక పెద్ద భేదమున్నది. మన సంగీతంలో ఒక రాగం దారిపట్టి ఒక్కరే నడుస్తారు. ఫిడేలు వెన్నంటి వస్తుంది, మృదంగం అడుగు కొలుస్తుంది. వారి సంగీతంలో ఒకే సమయాన నాలుగైదు పాటలు పక్కపక్కన నడుస్తాయి. మీరు జడకోలాటం చూశారా? స్తంభానికి కట్టిన రంగుల తాళ్ళను తలా ఒకటి పట్టుకుని, కొందరు కుడికి, కొందరు ఎడమకు తిరుగుతారు. ఒక్కొక్కరి నడక వేరు. పైన మాత్రం ఒకటే జడ అల్లుకుంటుంది. ఒకరు అడుగు తప్పితే జడ అంతా చిక్కుపడుతుంది. సుమారు అరవైమంది తీగె వాయిద్యాలవారు, వారి వెనుక వేణువులు, క్లారినెట్లు, కొమ్ములు, అన్నిటికంటె వెనుక టింపనీ అనే పెద్ద రాగి డోళ్ళు, ఇవన్నీ కలిసి అల్లే జడ సింఫనీ. క్లారినెట్టు మీకు కొత్తది కాదు. మన పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో ఉండేదే.

ఇంకొక సంగతి. ఒక సింఫనీలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. భాగానికీ భాగానికీ మధ్య కొంచెం ఆగుతారు. అప్పుడు చప్పట్లు కొట్టరాదు. దగ్గు వస్తే అప్పుడే దగ్గాలి. మన కచేరీలలో మంచి సంగతి పడగానే "శభాష్!" అంటాం, తొడమీద తాళం వేస్తాం. వారి మౌనం గొప్పదా, మన శభాష్ గొప్పదా అని నన్నడిగితే, నేను మన శభాష్‌నే కోరుకుంటాను. అది నా అలవాటు.

వియన్నా సంగీత విద్యాలయంలో జుబిన్ రెండు విద్యలు నేర్చుకున్నాడు. ఒకటి డబుల్ బాస్. ఇది ఫిడేలు జాతిలో అన్నిటికంటె పెద్దది. మనిషి నిలువెత్తు ఉంటుంది, అడుగు స్వరం దానిది. రెండవది వాద్యబృందాన్ని నడిపించే విద్య. దీనికి గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. ఆ గురువు దగ్గరే క్లాడియో అబ్బాడో అనే ఇటలీ యువకుడు కూడా చదివేవాడు. ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. 1956 వేసవిలో ఇటలీలోని సియెనా పట్టణంలో జరిగిన తరగతులకు ఇద్దరూ వెళ్ళారు. అక్కడ వారితోపాటు పాఠం విన్న మరొక పిల్లవాడి వయసు 13 ఏళ్ళు. అతని పేరు డేనియల్ బారెన్‌బోయిమ్. తరువాతి కాలంలో ముగ్గురూ జగత్ప్రసిద్ధులయ్యారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. కచేరీ ఎవరైనా టిక్కెట్టు కొని వినవచ్చు. కాని కచేరీలో నాయకుడి వీపు మాత్రమే కనబడుతుంది. ఆయన ముఖం, కళ్ళు, ఎడమచేతి సైగలు వాయించేవారికే కనబడతాయి. పైగా, కచేరీ నాటికి వంట అయిపోయి వడ్డన మాత్రమే మిగులుతుంది. విద్య నేర్వదలచినవాడు పొయ్యి దగ్గర ఉండాలి, అంటే సాధన జరిగేచోట. "ఇక్కడ ఆపండి, చెల్లోలు మెత్తగా, కొమ్ములు ఒక అర క్షణం ఆలస్యం" అని నాయకుడు దిద్దేది అక్కడే. ఆ సాధనలకు విద్యార్థులను రానిచ్చేవారు కారు.

ఇద్దరు స్నేహితులూ ఒక ఉపాయం పన్నారు. పెద్ద రచనలలో వాద్యబృందం వెనుక నూరుమందికి పైగా గాయకులు నిలబడి పాడుతారు. వియన్నాలోని అటువంటి పేరుపొందిన గాయకబృందం సింగ్‌ఫెరైన్. వీళ్ళు వెళ్ళి అందులో మంద్రస్థాయి గొంతుల వరుసలో చేరారు. గాయకులు సాధనకు రాకపోతే ఎలా? కనుక ద్వారపాలకుడు నోరెత్తడానికి వీలులేదు! బ్రూనో వాల్టర్, హెర్బర్ట్ ఫాన్ కారాయాన్ వంటి మహామహులు సాధన చేయిస్తుంటే, ఇద్దరూ వారికి ఎదురుగా నిలబడి, నోటితో పాడుతూ, కళ్ళతో పాఠం చదువుకున్నారు.

మా ఏడవ తరగతి పిల్లకు జవాబు అక్కడ దొరుకుతుంది. వెనక ఉన్నాయన ఉత్తినే చెయ్యి ఆడిస్తే, మొదట తెలిసేది అతని పక్కన కూర్చున్నవానికి. ఆ వెంటనే తెలిసేది నాయకుడికి. శ్రోతలకు మాత్రం ఫలానావాడు మానివేశాడని తెలియదు, కాని నాదం పలచబడిందని తోస్తుంది. నాయకుడి చేతిలో ఉండేది చిన్న కర్ర. దానిలోనుంచి ఒక్క స్వరమైనా రాదు. కచేరీ అంతటిలో ఏమీ వాయించనివాడు ఆయన ఒక్కడే. ఆయన పని వినడం, తాను విన్నదానిని బట్టి సైగ చేయడం.

అదే 1956వ సంవత్సరం చివర పొరుగున ఉన్న హంగరీలో ప్రజలు తిరుగుబాటు చేశారు. సోవియట్ సైన్యం దానిని అణచివేసింది. సుమారు 2 లక్షల మంది ఇల్లు వాకిలి వదలి పారిపోగా, వారిలో ఎక్కువమంది సరిహద్దు దాటి ఆస్ట్రియాకే వచ్చారు. వియన్నా బయట శిబిరాలు వెలిశాయి. చలికాలం. మన తీరంలో 1977 నవంబరు తుపాను తరువాత బడులలోను, గుళ్ళలోను తలదాచుకున్న జనాన్ని చూసినవారికి ఆ దృశ్యం వేరే చెప్పనక్కరలేదు. ఇరవై ఏళ్ళ జుబిన్ తోటి విద్యార్థులను పోగుచేసి, ఏడు రోజులలో ఒక వాద్యబృందాన్ని తయారుచేసి, శిబిరానికి తీసుకుపోయి కచేరీ చేయించాడు. దుప్పట్లు పంచవలసిన చోట ఫిడేళ్ళు ఎందుకని ఎవరైనా అనవచ్చు. దుప్పట్లు పంచేవారు పంచుతూనే ఉన్నారు. ఈ పిల్లల చేతిలో ఉన్నవి ఫిడేళ్ళు.

తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. 1957లో చదువు ముగిసింది. 1958లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జరిగిన పోటీలో అతనికి మొదటి బహుమతి వచ్చింది. 1961 నాటికి, 25 ఏళ్ళ వయసులో, వియన్నా, బెర్లిన్, ఇజ్రాయెల్ వాద్యబృందాలను నడిపించాడు. తరువాత లాస్ ఏంజెలెస్‌లో 16 ఏళ్ళు, న్యూయార్కులో 13 ఏళ్ళు నాయకుడుగా పనిచేశాడు. 1981లో పండిత రవిశంకర్ సితారుకూ వాద్యబృందానికీ కలిపి రచించిన 'రాగమాల'ను న్యూయార్కులో నడిపించింది ఆయనే. 2001లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఇదంతా బొంబాయివాడి కథ, మనకేమిటి అంటారా? రండి, ఇంటికి తిరిగి వద్దాం.

ఒంగోలు దాటి బెజవాడ వైపు రైలులో వెళుతుంటే కరవది అనే స్టేషను వస్తుంది. షేక్ చిన మౌలానా 1924లో పుట్టింది ఆ ఊళ్ళోనే. వారిది తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం. దేవుడి ఉత్సవం కదలాలంటే ముందు వారి సన్నాయి పలకాలి. తండ్రి కాశిం సాహెబు దగ్గర, తరువాత చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నాడు. మన ప్రాంతంలో అప్పటికే మంచి పేరు వచ్చింది. అలా ఉండగా తంజావూరు పద్ధతిలో రాజరత్నం పిళ్ళై వాయించే నాదస్వరం విన్నాడు. తనకు వచ్చినది చాలదనిపించింది. పేరు, పెళ్ళి మేళాలు, చుట్టాలు అన్నీ ఇక్కడ ఉండగా, భాష తెలియని తమిళదేశానికి వెళ్ళి, నాచియార్‌కోవిల్‌లో రాజం, దురైకణ్ణు అనే విద్వాంస సోదరుల వద్ద మళ్ళీ శిష్యుడయ్యాడు. మెహ్లీ మెహతా అమెరికాలో చేసిన పనే ఇది. చివరకు శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే శిష్యులను తయారుచేశాడు. 1998లో మద్రాసు సంగీత అకాడమీవారు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. 1999లో కన్నుమూశారు.

విజయనగరంలో సంగీత కళాశాలకు పెద్దగా ఉన్న ద్వారం వెంకటస్వామినాయుడుగారి సంగతీ ఇటువంటిదే. ఆయనకు చూపు చాలా తక్కువ. పాశ్చాత్యుల ఫిడేలు విని, వారు కమాను నడిపే తీరులోని మెత్తదనాన్ని మన రాగాలకు తెచ్చుకున్నారు. 1952లో జగత్ప్రసిద్ధుడైన యెహూది మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు, రాజమన్నారుగారి ఇంట్లో కూర్చుని నాయుడుగారి ఫిడేలు విన్నాడు. వినడానికి మనవాళ్ళు అక్కడికి పోవడమే కాదు, అక్కడివాళ్ళు ఇక్కడికి రావడమూ ఉన్నది.

ప్రతి ఏటా జనవరి 1న వియన్నా బంగారు హాలులో జరిగే కచేరీని ఎన్నో దేశాలవారు టెలివిజనులో చూస్తారు. దానిని నడిపించమని జుబిన్ మెహతాను 1990, 1995, 1998, 2007, 2015 సంవత్సరాలలో, ఐదుసార్లు పిలిచారు.

ఇక మీకొక పని. ఈసారి మీ వీధిలో పెళ్ళి జరిగినప్పుడు మేళం దగ్గరికి పోయి, కళ్ళు మూసుకుని నిలబడండి. మొదట సన్నాయిని మాత్రమే వినండి. తరువాత దానిని వదలి, ఎడతెగకుండా ఒకే స్వరం పట్టి ఉండే శ్రుతిని వెతకండి. అది దొరకడానికి కొంచెం సేపు పడుతుంది. అది దొరికిన తరువాత డోలులో కుడివైపు దెబ్బ ఏది, ఎడమవైపు దెబ్బ ఏది విడదీయండి. చివరకు మూడింటినీ ఒక్కసారే వినడానికి ప్రయత్నించండి. మీ అమ్మనూ నాన్ననూ కూడా పక్కన నిలబెట్టి, ఎవరి చెవికి ఏది ముందు అందిందో అడిగి చూడండి. మా ఇంట్లో ఈ పరీక్షలో నేను మనుమరాలి చేతిలో ఓడిపోయాను.